చెలమ నీళ్ళు చెడగొట్టిన పాఠం

ఉన్న ఉద్యోగం మానేసి పల్లెలో లెక్కలో సైన్సో చెప్పుకుంటూ బతకాలని ఉంది, మీరెట్లా వెళ్ళారు, వెళ్ళేటప్పుడు వెంట ఏం తీసుకెళ్ళారు అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఇంజనీర్లున్నారు, మందుల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ఒకరున్నారు. సలహా చెప్పమంటే నేను మొహమాటపడే మనిషిని కాను. అయితే ఉత్త సలహా ఎవరికీ గుర్తుండదు. అందుకని ఒక్క రోజు ప్రయాణం చెబుతాను. అరవైల మొదట్లో ధర్మవరంలో పొద్దున్నే రైలెక్కి, పెనుకొండలో దిగి, రొద్దం మీదుగా ఒక పల్లెకు పోయి, సాయంత్రానికి హిందూపురం చేరిన రోజది. నా తర్వాతి జీవితమంతా ఆ రోజుదే.

అప్పటికి నేను ధర్మవరం లోకోషెడ్డులో ఐదేళ్ళుగా కెమిస్టును. అంత పెద్ద పేరు చూసి భయపడకండి, నా పని నీళ్ళు పరీక్షించడం. ఆవిరి ఇంజన్ల కాలం. నీళ్ళలో సున్నపు పాళ్ళు ఎక్కువైతే బాయిలరు గొట్టాల్లో తెల్లటి పెంకు కడుతుంది, బొగ్గు ఎంత వేసినా ఆవిరి లేవదు. సీసాలో నీళ్ళు పోసి, గాజు గొట్టంలోంచి సబ్బు ద్రావణం చుక్కలుగా వదిలి, మూత పెట్టి గిలకొట్టాలి. నాలుగు చుక్కలకే నురగ నిలబడితే మంచి నీళ్ళు. ఎంత పోసినా విరిగిపోతుంటే కఠిన జలం. షెడ్డులో సామాను మోసే ఖలాసీ సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, ఒక్కోదానికి ఏ స్టేషను నీళ్ళో చీటీ అంటించి ఉండేది. నేను గిలకొట్టి అంకె రాసేవాణ్ణి. ఈ ఖలాసీ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు ఒక ఫైర్‌మన్ వచ్చి, ఇన్నిసార్లు బాయిలరు కడగడమేంటికి సామీ, ఉత్త చాకిరీ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ ఎందుకో ఊరుకుని, మీ ఇంట్లో నీళ్ళు కాచే కుండ లోపల ఎప్పుడైనా చూశావా అన్నాను. మర్నాడు అతను రుమాలులో ఏదో మూటగట్టుకొచ్చాడు. విప్పితే కుండ లోంచి గీకిన తెల్ల పెంకు. "ఇదేనా సామీ ఇంజన్లో కట్టేది? మా ఆడోళ్ళు దినామూ దీన్నే తిట్టుకుంటాండారు" అని పెద్దగా నవ్వాడు. ఐదేళ్ళలో వేలసార్లు అంకెలు రాశాను. ఒక మనిషి మొహంలో అట్లా వెలుగు రావడం అదే మొదటిసారి చూశాను. ఆ సంతోషం వారం రోజులు దిగలేదు.

అంతలోనే పేపర్లో ప్రకటన పడింది. పల్లెల్లో కొత్తగా హైస్కూళ్ళు తెరుస్తున్నారు, సైన్సూ లెక్కలూ చెప్పేవాళ్ళు లేరు, డిగ్రీ ఉండి ఉద్యోగం చేస్తున్నవాళ్ళకు హిందూపురంలో పది నెలల శిక్షణ ఇస్తామని. నేను జీతం లేని సెలవు పెట్టి చేరిపోయాను. మా నాయనకు ధర్మవరంలో కిరాణా అంగడి. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మాత్రం గట్టిగానే మాట్లాడాడు. "ఏమప్పా రంగనాథం, నీళ్ళు ఊపినందుకు దుడ్లిచ్చే కొలువు లోకంలో యాడన్న ఉండాదా? దాన్ని ఇడిచిపెట్టి పోతాండావే!"

శిక్షణలో మేం పన్నెండు మందిమి. ఒకడు నేల పరీక్షలు చేసేవాడు, ఒకడు చక్కెర మిల్లులో తూకాలు చూసేవాడు, మా ఓబిరెడ్డి రోడ్ల సర్వే ఓవర్సీరు. ఓబులదేవరచెరువు దగ్గర పొలాలున్న రైతు కుటుంబం వాళ్ళది. మా అందరికీ విషయం బాగా తెలుసు, అదే మా జబ్బు. మా శిక్షణ పెద్దను అందరం పెద్దసారు అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. మేం పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూచుని నోటుపుస్తకంలో పేజీ మధ్యకు నిలువు గీత గీసేవాడు. మేం ప్రశ్న అడిగితే ఎడమవైపు ఒక గీత, పిల్లలు అడిగితే కుడివైపు ఒక గీత. అంతే, ఇంకేమీ రాసేవాడు కాదు. "కొలువులో జవాబుకు జీతం. ఈడ ప్రశ్నకు" అనేవాడు.

నా మొదటి నాలుగు పాఠాల్లో ప్రయోగాలు బ్రహ్మాండంగా వచ్చాయి. కుడివైపు వచ్చింది ఒక్క గీత. అదీ ఒక పిల్లవాడు "బయటికి పోయేదా సార్?" అని అడిగినందుకు. ఆఖరి పరీక్ష పాఠంలో కుడివైపు ఖాళీగా ఉంటే సర్టిఫికెట్టు ఇవ్వరని పెద్దసారు ముందే చెప్పేశాడు. నా పాఠం రొద్దం అవతల ఒక పల్లె హైస్కూల్లో. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. పాఠం మర్నాటికి నా సెలవు అయిపోతుంది. అందుకని రెండు ఉత్తరాలు రాసి జేబులో పెట్టుకున్నాను. ఒకటి షెడ్డుకు తిరిగి వస్తున్నానని, రెండోది రాజీనామా. పాఠం అయ్యాక ఏదో ఒకటి హిందూపురంలో పోస్టు చెయ్యాలి.

సామాను కోసం ముందురోజు ధర్మవరం వచ్చాను. గాజు గొట్టం, మూతల సీసాలు, సబ్బు ద్రావణం, ఆవిరి చల్లార్చి పట్టిన నీళ్ళు ఒక సీసా, సున్నపుతేట చిన్న సీసా. అన్నీ బిస్కెట్ల డబ్బాలో వేరుశనగ పొట్టు మధ్య కూరాను. గాజు తీసుకెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, మా అనంతపురం జిల్లాలో పొట్టును మించిన మెత్త లేదు. నాయన సైకిలు మీద డబ్బా పెట్టుకుని స్టేషనుకొచ్చాడు. నేను అడగలేదు. బండి కదిలే ముందు, "తప్పితే రెండో ఉత్తరం చించేయి. మొగమాటం పడొద్దు" అన్నాడు. అది బెదిరింపో ఓదార్పో నాకు తెలియలేదు.

ఆరు గంటల ప్యాసింజరు. మూడో తరగతి టిక్కెట్టు రూపాయికి పది నయాపైసలు తక్కువని జ్ఞాపకం. ఓబిరెడ్డి ముందురోజే కదిరి బండిలో వచ్చి నాతోపాటు ఎక్కాడు. అతని పరీక్ష పాఠం పోయిన వారమే అయిపోయింది. గొలుసు పట్టుకుని పిల్లలతో చేను కొలిపించాడు, కుడివైపు తొమ్మిది గీతలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు తోటి విద్యార్థిగా నా పాఠానికి విమర్శ రాయడానికి వస్తున్నాడు. "భయపడాకు, నీ తప్పులు అన్నీ రాయను. సగం రాస్తా" అన్నాడు. మీటరుగేజి బండి తీరుబడిగా పోతూ ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగింది. నేను కిటికీలోంచి నీళ్ళ ట్యాంకులు చూస్తూ ఒక్కోదాని కఠినత ఎంతో అంకెలు చెప్పాను. ఓబిరెడ్డి ఆవులించాడు.

ఏడున్నరకు పెనుకొండలో దిగాం. స్టేషను ఊరికి దూరం, జట్కావాడు ఇద్దరికీ కలిపి అర్ధరూపాయి తీసుకున్నాడు. కోట కొండ ఎదురుగా కనిపిస్తున్నా ఎక్కడానికి టైము లేదు. మీరు వెళితే మాత్రం ఎండ ముదరకముందే ఎక్కండి. బస్సు తొమ్మిదికి. బస్టాండు పక్కన హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వేడి బొరుగుల్లో నిమ్మకాయ, పప్పులపొడి పడ్డ ఆ రుచి నాకిప్పటికీ నోట్లో ఉంది. తినేసి బల్ల మీది చెంబు అందుకుంటుంటే హోటలాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఆ నీళ్ళొద్దు సామీ, అవి చేతులకు. తాగేటివి లోపల వేరే ఉండాయి. కొత్తోళ్ళకు ఆ నీళ్ళు ఇస్తామా?"

తెచ్చి ఇచ్చిన నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మంచి మనిషి అనుకున్నాను. నీళ్ళ కెమిస్టును, ఐదేళ్ళ అనుభవం, పది నెలల శిక్షణ. ఆ మాటలో నాకు పనికొచ్చేది ఏదో ఉందని మాత్రం తట్టలేదు.

రొద్దం బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది, టిక్కెట్టు ముక్కాలు రూపాయి లోపే. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. ఏముందప్పా అందులో అని డ్రైవరు అడిగితే ఓబిరెడ్డి, నీళ్ళు అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూశాడు. "మా పక్క అంత కరువేం రాలేదు సామీ ఇంకా" అన్నాడు. బస్సంతా నవ్వింది. పది దాటాక రొద్దంలో దిగి, అక్కణ్ణుంచి మూడు మైళ్ళు వేరుశనగ బస్తాలు దింపి ఖాళీగా పోతున్న ఎద్దులబండిలో పోయాం. బండాయన డబ్బులు తీసుకోలేదు. ఆ ఊరి అయ్యవార్లయితే మావాళ్ళే కదా అన్నాడు. ఇంకా కాలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

బడి అంటే పెంకుల వసారా, మూడు గదులు. పెద్దసారు హిందూపురం నుంచి నేరుగా వచ్చి అప్పటికే వెనక బెంచీలో కూచున్నాడు, నోటుపుస్తకం తెరిచే ఉంది. వారం ముందే నేను హెడ్మాస్టరుకు కార్డు రాశాను, బడి బావి నీళ్ళు ఒక కుండ సిద్ధంగా పెట్టించమని. ఆ చుట్టుపక్కల బావులన్నీ కఠిన జలమేనని నాకు తెలుసు. కుండ గుమ్మం పక్కన మూత పెట్టి ఉంది. బడికి నీళ్ళు మోసే సంజీవమ్మ, యాభై ఏళ్ళ మనిషి, దాని పక్కనే కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. కుండలో ఏముందో నేను చూడలేదు. ఎందుకు చూడాలి? షెడ్డులో ఖలాసీ ఏ నీళ్ళు పట్టి తెచ్చాడో ఎప్పుడైనా చూశానా? చీటీ మీద ఏం రాసుంటే అదే నాకు వేదం.

తొమ్మిదో తరగతి, ముప్పై మంది పిల్లలు, వాళ్ళలో నలుగురు ఆడపిల్లలు. పదకొండున్నరకు మొదలుపెట్టాను. మొదట ఆవిరి నీళ్ళు. నాలుగు చుక్కలు, గిలకొట్టాను, నురగ దూదిలా నిలబడింది. ఇక అసలైనది. కుండలోంచి సీసా నింపి, గొంతు పెంచి, "ఇవి మన బడి బావి నీళ్ళు. కఠిన జలం. ఎంత సబ్బు పోసినా వీటిలో నురగ రాదు. రాసుకోండి" అన్నాను. నాలుగు చుక్కలు వదిలి గిలకొట్టాను.

సీసా నిండా నురగ పొంగింది.

మళ్ళీ నింపి మళ్ళీ చేశాను. ఈసారి నురగ ఇంకా అందంగా వచ్చింది. ద్రావణం తప్పా? ఇందాకే సరిగ్గా పనిచేసింది. వెనక ఓబిరెడ్డి తల దించుకున్నాడు. పెద్దసారు పెన్సిలు పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. నా చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయి సున్నపుతేట సీసాను పట్టుకుంది. రెండు చెంచాలు ఆ నీళ్ళలో కలిపితే చాలు, ఎవరికీ తెలియదు, నురగ విరిగిపోతుంది, పాఠం రాసుకున్నది రాసుకున్నట్టు నడుస్తుంది. ఐదేళ్ళ కెమిస్టుకు అదొక లెక్కా?

సీసా సగం బయటికి తీశాను కూడా. అప్పుడు ముందు వరుసలో ఒక పిల్ల నోటుపుస్తకం మీద నా కన్ను పడింది. పేరు రామక్క అని తర్వాత తెలిసింది. ఎదురుగా సీసాలో అంత నురగ కనిపిస్తూ ఉండగా ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది, 'బడి బావి నీళ్ళలో నురగ రాదు.' పక్క పిల్లాడిది చూశాను. అదే. ఆ పక్కది, అదే. ముప్పై మందీ కళ్ళతో ఒకటి చూసి చేత్తో నేను చెప్పింది రాశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వచ్చినా అయ్యవారు చెప్పాడు కదా అని మింగేశారు. నా మీద నాకు అసహ్యం వేసింది. నాలుగు పాఠాల్లో కుడివైపు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది.

సున్నపుతేట సీసాను డబ్బాలో పెట్టి మూత వేశాను.

"నేను చెప్పింది తప్పు. ఎందుకు తప్పయిందో నాకు తెలీదు. నేను చెప్పింది కొట్టేసి, మీరు చూసింది రాయండి" అన్నాను.

గదిలో కొట్టివేతల చప్పుడు మొదలైంది. సర్టిఫికెట్టు పోయినట్టే అనుకున్నాను. ఒక నిమిషానికి రామక్క మెల్లగా లేచింది.

"అయ్యవారూ, ఆ నీళ్ళు యాడివి?"

వెనక పెన్సిలు కదిలింది. నేను జవాబు చెప్పబోయి ఆగాను. నాకు తెలియదు కదా! గుమ్మం వైపు తిరిగి సంజీవమ్మను అడిగాను. ఆమె ముందు బెదిరింది, తర్వాత కోపం తెచ్చుకుంది.

"పెన్న ఇసకలో చెలమ నీళ్ళు సామీ, యాడివైతే ఏమి? తెల్లారకముందే మైలున్నర పోయి ఇసక తోడి తెచ్చినా. హిందూపురం నుంచి పెద్దోళ్ళు వస్తాండారంటే బడి బాయి నీళ్ళు పెడతామా? అవి తాగితే మీ కడుపులు ఏం గావాల? ఆ నీళ్ళలో కందిబ్యాళ్ళు కూడా ఉడకవు!"

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. కార్డు చదివి ఆమెకు చెప్పింది ఆయనే, బడి బావి నీళ్ళే తెమ్మని. ఆమె విననే లేదు. ఊరికి కొత్తవాళ్ళొస్తే చెలమ నీళ్ళే ఇవ్వాలి, అది ఆ పక్కల మర్యాద. పొద్దున పెనుకొండ హోటలాయన నాకు చెప్పిందీ అదే. పిల్లలు ఒక్కసారిగా నవ్వారు, నేనూ నవ్వేశాను. నవ్వు ఆగకముందే వెనక వరుసలో ఒకడు లేచి, "బ్యాళ్ళు ఉడకని నీళ్ళు, నురగ రాని నీళ్ళు రెండూ ఒకటేనా సార్?" అన్నాడు. "మా నడిమి బాయి నీళ్ళు ఎట్లుంటాయి?" అని ఇంకొకడు. "తోట బాయి?" "చెలమ నీళ్ళు ఏంటికి బాగుంటాయి?" నేను పెద్దసారు వైపు చూడటం మానేశాను.

హెడ్మాస్టరు తర్వాతి పీరియడ్డు కూడా తీసుకోమన్నాడు. నలుగురిని కుండలిచ్చి పంపాం. వాళ్ళు వచ్చేలోపల సంజీవమ్మను గదిలోకి పిలిచి, ఊళ్ళో నీళ్ళన్నీ బ్యాళ్ళు ఉడికే వరసలో చెప్పమన్నాను. ఆమె గుమ్మం దాటి రాలేదు, అక్కణ్ణుంచే చెప్పింది. అన్నిటికంటే మేలు చెలమ, తర్వాత నడిమి బావి, తర్వాత తోట బావి, ఆఖరున బడి బావి. రామక్క దాన్ని బోర్డు మీద రాసింది. నీళ్ళొచ్చాక సీసాలు పిల్లల చేతికే ఇచ్చాను. చుక్కలు వాళ్ళే లెక్కపెట్టారు, గిలకొట్టారు, ఒకరి లెక్క ఒకరు ఒప్పుకోక కొట్లాడారు కూడా. చెలమ సరిపోయింది. తోట బావి, బడి బావి సరిపోయాయి. నడిమి బావి మాత్రం అడ్డం తిరిగింది. దానిలో నురగ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

"సంజీవమ్మ తప్పు చెప్పింది" అన్నాడు ఒకడు.

"నేనేం తప్పు చెప్పలే! ముప్పై ఏండ్లుగా వండుతాండా. నడిమి బాయి నీళ్ళలో బ్యాళ్ళు వెన్న మాదిరి ఉడుకుతాయి. నీ సీసానే తప్పు" అంది ఆమె.

ఇది నాకు తెలుసు. బాయిలరు కెమిస్టుకు తెలియక ఎవరికి తెలుస్తుంది! కొన్ని నీళ్ళలో సున్నపు పాళ్ళు కాచగానే విడిపోయి అడుగున పడతాయి, మిగిలిన నీళ్ళు మెత్తబడతాయి. సబ్బు చూసింది పచ్చి నీళ్ళను, పప్పు చూసింది కాగిన నీళ్ళను. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. మింగి, "సంజీవమ్మా, నడిమి బావి నీళ్ళు కాచే కుండ లోపల ఎట్లుంటుంది?" అని మాత్రం అడిగాను.

"తెల్లగా పెంకు కడతాది. గీకలేక చస్తాండా" అంది.

పిల్లలు ఆలోచనలో పడ్డారు. అప్పుడు వెనక నుంచి, పది నెలల్లో ఎన్నడూ పాఠం మధ్యలో నోరు విప్పని పెద్దసారు అడిగాడు, "అయితే నీళ్ళు కాచకముందు ఆ పెంకు యాడుండేది?" రామక్క గిరుక్కున ఆయన వైపు తిరిగింది. తిరిగి నన్ను చూసింది. "నీళ్ళలోనే ఉండిందేమో! కాచి చల్లార్చి మళ్ళా సబ్బు పోస్తే తెలుస్తాది కదా సార్?"

కాచడానికి టైము లేదు. ఒంటిగంట కొట్టింది. రేపు కాచి చూద్దాం అనబోయి నోరు మూసుకున్నాను. రామక్క మాత్రం ఊరుకోలేదు.

"రేపు మీరు వస్తారా అయ్యవారూ?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేని రెండో ప్రశ్న అది. డబ్బా సర్దుకుంటూ, చూద్దామమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

హెడ్మాస్టరు ఇంట్లో భోజనం. రాగి ముద్ద, వేరుశనగ ఊరిబిండి, పప్పు. పప్పు చెలమ నీళ్ళతో ఉడికించారని వేరే చెప్పాల్సిన పనిలేదు. రొద్దంలో మూడు గంటల బస్సెక్కి ముగ్గురం హిందూపురం బయలుదేరాం. రెండు గంటల ప్రయాణం, మనిషికి రూపాయి. పెద్దసారు దారి పొడుగునా చెరకు తోటలు చూస్తూ కూచున్నాడు, పాఠం మాట ఎత్తలేదు. ఉండబట్టలేక ఓబిరెడ్డి నా చెవిలో, "నువ్వు రాసిచ్చిన పాఠ పథకంలో ఒక్క ముక్క కూడా జరగలేదబ్బా" అన్నాడు. విమర్శ కాగితం మీద అతను రాసిందీ అదే. నేను జేబులో రెండు ఉత్తరాలనూ తడుముకుంటూ ఏది పైన ఉందో చూసుకున్నాను.

హిందూపురం బజారు బెల్లం వాసన వేస్తోంది. స్టేషను దగ్గర హోటల్లో పెద్దసారే మాకు కాఫీ చెప్పించాడు. తాగడం అయ్యాక నోటుపుస్తకం తీసి బల్ల మీద నా వైపు తిప్పాడు. ఎడమవైపు గీతలు కొన్నే ఉన్నాయి. కుడివైపు గీతలు అడుగుదాకా పోయి, చోటు చాలక పక్కకు తిరిగాయి. వాటిలో ఒకదాని చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"అది నాది" అన్నాడు. "నేనడిగింది ఏ పక్క గీయాల్నో తెలీలేదప్పా. పిల్లోళ్ళ పక్కనే గీసుకున్నా."

"పథకానికి నీకు సున్నా వేస్తాండా, అది తప్పదు" అని ఆయన పేజీ అడుగున వేలు పెట్టాడు. అక్కడ గీతకు బదులు ఆయన చేతిరాతతో ఒక వాక్యం ఉంది, 'రేపు మీరు వస్తారా అయ్యవారూ?'

"ఇది కూడా ప్రశ్నే కదా. జవాబు చెప్పకుండా వచ్చినావు" అన్నాడు. "నీ ఆర్డరు రావడానికి నెల పడతాది. అంతవరకు ప్రాక్టీసని రాసిస్తా. పొద్దున బస్సు ఏడింటికి. పో, పోయి ఆ బిడ్డకు జవాబు చెప్పు."

స్టేషను బయట ఎర్ర డబ్బాలో రాజీనామా ఉత్తరం వేశాను. షెడ్డుకు తిరిగి వస్తానన్నది చించి, ఆ ముక్కలు గాజు సీసాల మధ్య పొట్టులో కూరాను. మర్నాడు పది దాటాక ఆ ఊరు చేరేసరికి రామక్క, ఇంకో పది మంది బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద నడిమి బావి నీళ్ళు కాచేసి చల్లారబెట్టి నా కోసం కూచుని ఉన్నారు. పక్కనే సంజీవమ్మ, చేతులు కట్టుకుని. నాలుగు చుక్కలేశాం. నురగ నిలబడింది. ఆమె సీసా వైపు చూడలేదు. "నేను నిన్ననే చెప్పినా" అని కుండ ఎత్తుకుని పోయింది.

ఆ ఊళ్ళో పందొమ్మిదేళ్ళు చెప్పాను. నాయన మూడో ఏడు ఒకసారి వచ్చి, వెనక బెంచీలో కూచుని నా పాఠం విన్నాడు. బయటికొచ్చాక, "నీళ్ళు ఊపే పని ఇడిచిపెట్టలేదే నువ్వు" అన్నాడు. ఆయన సంతోషం ఆయన మాటల్లో అంతే. పట్నంలో మీరు ఎంత గట్టి పని చేసి వచ్చినా ఆ గట్టితనం పల్లె బడిలో మీకు సగమే పనికొస్తుందని ఇన్నేళ్ళ తర్వాత ధీమాగా చెప్పగలను. మిగతా సగం ఊరికి ముందే తెలిసి ఉంటుంది. అది గుమ్మం పక్కన నిలబడి, మీరు తప్పయ్యేదాకా నోరు విప్పదు. తప్పయితే ఒప్పుకోండి, నష్టం లేదు. నాకు తెలిసి పల్లెలో చదువు చెప్పే పని కుదరనిది తప్పును సున్నపుతేటతో సర్దుకునేవాళ్ళకు మాత్రమే.

ఇక చిట్కా ఒకటే. గాజుకు పొట్టు, బస్సులో డ్రైవరు వెనక సీటు, ఇవన్నీ మీరే నేర్చుకుంటారు. ప్రయోగానికి కావలసిన నీళ్ళు మాత్రం ఎవరినీ తెమ్మనకండి. ఎంత పొద్దుపోయినా, పాఠానికి ముందు బావి దగ్గరికి పోయి చేద వేసి మీ చేత్తో మీరే తోడుకోండి.